మంచాన పడిన పెద్దలకు పుండ్లు పడకుండా

 

పక్షవాతం వస్తుంది. లేకుంటే తొంటి ఎముక విరుగుతుంది. ఇంట్లో అవ్వో, తాతో మంచాన పడతారు. కొన్నాళ్ళకు పిర్రల మీద పుండు లేస్తుంది. "వేడి చేసింది" అంటాం. "కర్మ" అంటాం. రెండూ కాదు. ఒకే చోట బరువు పడి వచ్చే పుండు అది.

అరచేతిని బొటనవేలితో గట్టిగా నొక్కి తీయండి. ఆ చోటు తెల్లబడి, మళ్ళీ రంగు వస్తుంది. నొక్కినప్పుడు రక్తం పక్కకు పోయింది, వదిలితే వచ్చింది. మనం నిద్రలో కూడా అటూ ఇటూ దొర్లుతాం. కదలలేని మనిషి దొర్లలేడు. ఎముకకూ పడకకూ నడుమ కండ నలుగుతుంది. గంటల తరబడి రక్తం అందక చచ్చిపోతుంది.

నర్సమ్మలు దీన్ని ముందే కనిపెడతారు. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే అమెరికా నర్సులు ఒక కొలత ప్రకటించారు. అందులో ఆరు సంగతులు చూస్తారు. నొప్పి తెలుస్తుందా? ఒళ్ళు తడిగా ఉంటుందా? లేచి తిరుగుతారా? పడకలో కదులుతారా? సరిగ్గా తింటారా? ఒళ్ళు పడకకు రాసుకుంటుందా? ఒక్కోదానికి మార్కులు వేస్తారు. బళ్ళో మాదిరే, మార్కులు తగ్గితే భయం ఎక్కువ.

తర్వాత, ఇంచుమించు రెండు గంటలకొకసారి మనిషిని తిప్పుతారు. పూర్తిగా పక్కకు కాదు. అట్లా చేస్తే బరువంతా తొంటి ఎముక మీద పడుతుంది. కొంచెం వాల్చి, వీపు వెనక దిండు పెడతారు. మోకాళ్ళ నడుమ ఒక దిండు. పిక్కల కింద ఇంకొకటి, మడమలు గాలిలో ఉండేటట్లు. ఈడ్చరు, దుప్పటి పట్టి ఎత్తుతారు. ఈడిస్తే తోలు లేచిపోతుంది.

నులక మంచం నడుమ జారి ఉంటే బరువంతా పిర్రల మీదే. నులక బిగించి, మందంగా బొంత పరచండి. ముడతలు ఉండకూడదు. గాలి పరుపు కొన్నా తిప్పడం మానకూడదు.

రోజూ స్నానం చేయించేటప్పుడు నడుము కింద, తొంట్లు, మడమలు చూడండి. మన నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు. చేయి పెట్టి చూడాలి. పక్క చోటు కంటే వేడిగానో, గట్టిగానో ఉంటే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకండి. రుద్దితే లోపల ఇంకా చెడుతుంది. ఆ పక్కకు పడుకోబెట్టకండి. మూత్రంతో తడిస్తే వెంటనే కడిగి, మెత్తగా ఒత్తి ఆరబెట్టండి. గుడ్డు, పప్పు, పాలు పెట్టండి. ఒట్టి గంజితో కండ పుట్టదు.

ఇదంతా ఎవరి నెత్తిన పడుతుంది? కోడలి నెత్తినే. శనక్కాయ చేనుకు కూలికి పోయిన మనిషి రెండు గంటలకొకసారి ఇంటికి ఎట్లా వస్తుంది? పైగా దుప్పటి పట్టి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. కొడుకు కన్నతల్లిని తిప్పకూడదని ఎక్కడా లేదు. మనవళ్ళూ దిండ్లు సర్దగలరు. వంతులు వేసుకోండి.

నర్సమ్మలు తిప్పిన ప్రతిసారీ కాగితం మీద రాస్తారు. మీకూ ఇప్పుడు రాయడం వచ్చు కదా! గోడకు ఒక కాగితం అంటించండి. "6 గంటలు, కుడి. 8 గంటలు, వీపు. 10 గంటలు, ఎడమ." కింద తిప్పిన వాళ్ళ పేరు రాయండి. ఎవరి వంతు తప్పిందో అదే చెబుతుంది.

తోలు చిట్లినా, నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా పసుపు, బూడిద అద్దకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి. ఆరోగ్య కేంద్రానికో, కదిరి ఆసుపత్రికో తీసుకుపోండి. గోడ మీది కాగితం కూడా పట్టుకుపోయి అక్కడి నర్సమ్మకు చూపించండి.