బొటనవ్రేలి వెల

ఏకలవ్యుని కథ మనమందరము ఎరిగినదే. బొటనవ్రేలు పోయిన పిమ్మట అతడు నడువగలడు, మాటలాడగలడు, అడవిలో జీవింపగలడు. కాని ఏ విద్య వలన అతడు అతడైనాడో, ఆ విద్యకు లోటు కలిగినది. ధాన్యపు మిల్లులోనో, ముద్రణాలయములోనో యంత్రమున చేయిపడి వ్రేళ్లు పోగొట్టుకొన్న కార్మికుని స్థితియు ఇట్టిదే. దీనినే శాశ్వత పాక్షిక వైకల్యమందురు.

మన దేశమున ఇట్టివారికై 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టము 1924 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. దాని మూలసూత్రములు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలోను నిలిచియున్నవి. వానిలో ముఖ్యమైనది ఒక్కటి. చట్టము గాయమునకు గాని, బాధకు గాని వెల కట్టదు; తరిగిపోయిన సంపాదన శక్తికి వెల కట్టును.

ఇందులకు చట్టముతోపాటు ఒక పట్టిక కలదు. బొటనవ్రేలు పూర్తిగా పోయినచో సంపాదన శక్తి నూటికి 30 వంతులు తగ్గినట్లు లెక్క. చూపుడువ్రేలికి 14, నడిమివ్రేలికి 12, ఉంగరపు వ్రేలికి గాని చిటికెనవ్రేలికి గాని 7 వంతులు. ఒక చేతి నాలుగు వ్రేళ్లును పోయినచో 50.

లెక్క కట్టు విధమును ఉదాహరణముతో చెప్పెదను. ముప్పది యేండ్ల కార్మికుని నెల వేతనము 15,000 రూపాయలనుకొందము. అందు నూటికి 60 వంతులు, అనగా 9,000. ఆ వయస్సునకు చట్టము నిర్ణయించిన గుణకము 207.98. రెంటిని హెచ్చింపగా వచ్చు 18,71,820 రూపాయలు పూర్తి వైకల్యమునకు చెల్లును. బొటనవ్రేలు పోయినవానికి అందు 30 వంతులు, అనగా 5,61,546 రూపాయలు రావలెను. వయస్సు పెరిగినకొలది గుణకము తగ్గును. పనిచేయవలసిన యేండ్లు తగ్గుటయే కారణము.

పట్టికలో లేని గాయములకు అర్హుడైన వైద్యుడు సంపాదన శక్తి ఎంత తగ్గినదో నిర్ణయించును. అప్పుడు కార్మికుడు తాను చేయు పని యెట్టిదో ఆయనకు వివరముగా చెప్పుకొనవలెను. ఒడిషాలో ఒక వడ్రంగి పనిచేయుచు క్రిందపడి ఎడమచేయి పోగొట్టుకొనెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అతని నష్టము నూటికి నూరు వంతులని అధికారి తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు 1975లో దానినే స్థిరపరచెను. అవయవ మొక్కటే యైనను వృత్తిని బట్టి నష్టము మారును.

పెక్కు కుటుంబములు ఈ విషయము తెలియక, ఆసుపత్రి ఖర్చులును, చేతిలో పెట్టిన కొద్ది రూకలును చాలునని కాగితముపై సంతకము చేయుచున్నవి. యజమానితో కుదుర్చుకొను ఒప్పందము నియమిత అధికారి యొద్ద నమోదు కావలెను. హక్కును వదులుకొంటినని వ్రాసి యిచ్చిన పత్రము చెల్లదు. పరిహారము నెలదినములలో చెల్లింపనిచో నూటికి 12 వంతుల వడ్డీ కలియును. తగిన కారణము లేనిచో అపరాధపు సొమ్ము కూడ విధింపవచ్చును. కార్మికుని ఏమరుపాటు మాత్రమున హక్కు పోదు. అయితే త్రాగి పనిచేయుట వలననో, భద్రతకై యంత్రమునకు అమర్చిన అడ్డును బుద్ధిపూర్వకముగా తొలగించుట వలననో పాక్షిక వైకల్యము కలిగినచో పరిహారము రాదు. పని తొందరలో అడ్డు తీసివేయువారు ఇది గుర్తుంచుకొనవలెను.

ఇ.ఎస్.ఐ. బీమా గలవారి మార్గము వేరు. వారి వైకల్యమును వైద్యమండలి నిర్ణయించును. పరిహారము సాధారణముగా జీవితాంతము నెలనెలా ముట్టును. రెండు విధముల పరిహారములును ఒక్కరికే చెల్లవు.

కావున ప్రమాదము జరిగిన వెంటనే యజమానికి వ్రాతమూలకముగా తెలుపుడు. వైద్యుని పత్రములు, వేతనపు చీటీలు భద్రపరచుడు. కార్మికశాఖ కార్యాలయమునకు పోయి లెక్క తెలిసికొనుడు. సంతకము సంగతి అటుపిమ్మట చూడవచ్చును.