వ్యాపార సభలో నాటకం

కంపెనీలు తమ డీలర్ల కోసం జరిపే సమావేశాలకు వెళ్ళినవారికి ఈ దృశ్యం పరిచితమే. తెర మీద అంకెల పట్టికలు మారుతుంటవి. వక్త వాటినే పైకి చదువుతుంటాడు. మూడవ పట్టిక వచ్చేసరికి వెనుక వరుసల చూపులు భోజనశాల వైపు మళ్ళుతవి. చెప్పే విషయం లాభదాయకమే కావచ్చును. అది ఎవరికి, ఏ అవసరంలో పనికివస్తుందో కంటికి కట్టనప్పుడు చెవి దానిని నిలుపుకొనదు.

ఈ చిక్కును అమెరికా వ్యాపారులు చాలా ఆర్భాటంగా విడదీయజూచారు. 1950, 60 దశాబ్దులలో అక్కడి పెద్ద సంస్థలు తమ అమ్మకందారుల కోసమే సంగీత నాటకాలు వ్రాయించి ఆడించినవి. వ్రాసినవారు సామాన్యులు కారు. 1964లో ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’తో లోకప్రసిద్ధి పొందిన బాక్, హార్నిక్ జంట 1959లో ఫోర్డు ట్రాక్టర్ల కోసం పాటలు కట్టింది. 1969లో అమెరికన్ స్టాండర్డ్ సంస్థ స్నానపు గదుల సామగ్రి మీదనే ఒక నాటకం ఆడించింది! టిక్కెట్టు కొని చూచే నాటకాలు కావివి. కొన్నిటి పాటలను గ్రామఫోను రికార్డులు చేయించి, చూచినవారికే జ్ఞాపికలుగా పంచారు.

మనకు అంత ఖర్చు అక్కరలేదు. మన బుర్రకథకు ముగ్గురు చాలు. నడుమ కథకుడు తంబురా మీటుతూ, వ్రేళ్ళ అందెలు మ్రోగిస్తూ కథ నడుపుతాడు. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. హాస్యగాడు ఊరకే నవ్వించడానికి ఉన్నాడనుకోవడం పొరపాటు. సభలోనివాడు అడగడానికి సంకోచించే సందేహాన్ని ఇతడు అడిగివేస్తాడు. కథకుడు బదులు చెప్పక తప్పదు. వ్యాపార ప్రసంగానికి కొరవడినవాడు ఈ మనిషే. (రేడియో గదిలో ఒంటరిగా కూర్చుండి నేనీ మాట చెప్పడమూ కొంత వింతే.) అయితే అతనిచేత ‘ఇంత మంచి సరుకు ఇంత చవుకగా ఎట్లా ఇస్తున్నారండీ?’ వంటి ప్రశ్నలు అడిగిస్తే సభ తక్షణం పసిగడుతుంది.

కొన్నేళ్ళ క్రిందట నీటి పంపులు చేసే ఒక కంపెనీ సమావేశంలో నేను ఉన్నాను. అధికారి క్రొత్త మోటారు గుణగణాలు చదవడానికి బదులు చిన్న ప్రదర్శన ఏర్పాటుచేశాడు. ఒక బల్ల దుకాణమయింది. అధికారి దుకాణదారు, ఒక డీలరు రైతు. చేను ఎండుతున్నది, పాత మోటారు కాలిపోయింది, రైతు అంగడికి వచ్చాడు. వ్రాసిపెట్టినది అంతవరకే. తలపాగా చుట్టగానే ఆ డీలరు గొంతు మారింది.

“ఏం షావుకారూ, ఓల్టేజి పడిపోతే ఇదీ కాలదని నమ్మకమేమిటి?”

దీనికి అధికారి వద్ద సమాధానం సిద్ధంగానే ఉన్నది, చక్కగా చెప్పాడు.

“సరే, కాలిందే అనుకోండి. విడిభాగం ఎన్నాళ్ళకు తెప్పిస్తారు? పోయినసారి ఇరవై రోజులు త్రిప్పారు!”

సభ ఘొల్లున నవ్వింది. మరుక్షణం నిశ్శబ్దం. ఆ మాట తమ అంగళ్ళలో పడనివారు అక్కడ లేరు. కంపెనీవారి యెదుట అన్నవారూ లేరు. అధికారి కొంతసేపు బల్ల వెనుకనే నిలిచి, తరువాత కాగితమూ పెన్సిలూ తీసుకొని, ఏ భాగానికి ఎన్ని రోజులు పట్టినదో ఒక్కొక్కరినే అడగసాగాడు. మిగిలిన పట్టికలు ఆ పూట తెర మీదికి రానేలేదు.