ఊరొకటి, చిరునామాలు పెక్కు

సిద్దిపేట జిల్లాలో తొగుట అను ఊరు కలదు. తెలుగున దాని పేరు వ్రాయుటలో చిక్కు లేదు. ఆంగ్లలిపిలోనికి పోగానే కొందరు తకారమునకు హకారము చేర్చుదురు, కొందరు చేర్చరు. 2016 అక్టోబరు 11న జిల్లాయును మారినది. మెదక్ పోయి సిద్దిపేట వచ్చినది. ఇట్లు అంతర్జాలమున ఊరిని గూర్చిన పుట యొకటే యైనను చిరునామాలు పెక్కు కావచ్చును. తుదను ప్రశ్నార్థకముతో తగిలించు తోకలు వేరు. తెలుగు లిపిలోనే చిరునామా వ్రాసితిమా, యంత్రము దానిని శాతపు గుర్తులతో మార్చుకొనును. ‘తొగుట’ అను మూడక్షరములు 45 గుర్తులగును!

గూగుల్ వంటి అన్వేషణ యంత్రము వీనిలో తనకు తోచినదానిని ఫలితములలో నిలుపును. అది మనము కోరినదే కానక్కరలేదు. ఈ మండలములోని వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురము మల్లన్నసాగర్ జలాశయమున మునిగినవి. ఆ ఊళ్లవారి బిడ్డ వెదకునపుడు పాత చిరునామాలోని పాత పుట యెదురైనచో, ఊరింకను అచ్చటనే యున్నట్లు తోచును.

2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్టు సంస్థలు ‘కెనానికల్’ అను గుర్తు నంగీకరించినవి. పుట శీర్షభాగమున అసలు చిరునామా యిదియని తెలుపుటయే దాని పని. అది ఆజ్ఞ కాదు, సూచన. కాలము చెల్లిన పుటకు మాత్రము 301 అను శాశ్వతపు దారిమార్పే మేలు. కొందరు తొందరపడి, రోబోట్స్ ఫైలుతో అక్కరలేని చిరునామాలకు తలుపు మూయుదురు. గుమ్మముననే ఆపివేసిన యంత్రము లోపలి గుర్తు నెట్లు చదువును?

ఫలితములు ఒక్కనాట మారవు; యంత్రము మరల వచ్చి చూడవలెను. ఆలోగా మన పుటలలోని లంకెలన్నిటిని ఆ యొక్క చిరునామాకే త్రిప్పుకొనవచ్చును.