నల్లా ఒత్తిడిని రాసిపెట్టే చిన్న యంత్రం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవారు నన్ను పిలిచి, "నీ ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్క విషయం చెప్పు, మాకూ పనికిరావాలి" అన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా కొలత పరికరాలతో పనిచేశాను. వాటిలో అరచేతిలో పట్టే ఒక యంత్రాన్ని ఈ రోజు వెంట తెచ్చాను. దీని పేరు ప్రెషర్ డేటా లాగర్. పైపులో నీటి ఒత్తిడిని నిమిషానికోసారి కొలిచి, ఏ తేదీన ఏ వేళకు ఎంత ఉందో తనలోనే రాసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, లోపలి బ్యాటరీతో నడుస్తుంది. మన వెంగళరావు నగర్‌లో ఉన్నవాళ్ళకు, ఇక్కడి నుంచి వెళ్ళి నగరంలో మరెక్కడైనా ఉంటున్నవాళ్ళకు దీంతో పని ఉంది. ఎందుకో చెబుతాను.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచేసిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాలతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఆ చెరువుల నీరు చాలావరకు పల్లానికి పారుతూనే ఊళ్ళోకి వచ్చేది. తరువాత మంజీరా వచ్చింది, సింగూరు వచ్చింది, కృష్ణా వచ్చింది, 2015లో గోదావరి కూడా వచ్చింది. ఇప్పుడు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, ఎన్నో మెట్లు పంపులతో ఎక్కించి నీరు తెస్తున్నారు. అంత కష్టపడి వచ్చిన నీరు మన వీధి చివరి వంద గజాల్లో ఏమవుతుందో మాత్రం మనలో ఎవరూ కొలవం. నల్లా మీటరు ఎంత నీరు వచ్చిందో చెబుతుంది. ఏ బలంతో వచ్చిందో, ఆ బలం ఎప్పుడు పడిపోయిందో చెప్పదు.

మన కాలనీల్లో నీటి తగువులన్నీ మాటల మీదే నడుస్తాయి. చివరి ఇంటివాళ్ళు "మాకు నీళ్ళే రావు" అంటారు. మొదటి ఇంటివాళ్ళు "మాకు బాగానే వస్తున్నాయే" అంటారు. లైన్‌మన్ "టైముకే వదిలాను సార్" అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఆ మూడు నిజాలనూ ఒకే కాగితం మీదికి తేవడమే ఈ యంత్రం చేసే పని.

ముందు లోపల ఏముందో చూద్దాం. పల్చటి సిలికాన్ పొర ఒకటి ఉంటుంది. నీరు దాన్ని నొక్కితే అది వెంట్రుకవాసి వంగుతుంది, వంగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును యంత్రం అంకెగా మార్చుకుంటుంది. పక్కన ఒక గడియారం, కొంత మెమరీ, ఒక లిథియం బ్యాటరీ ఉంటాయి. కొలత కొలతకు మధ్య యంత్రం నిద్రపోతుంది. అందుకే చిన్న బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది. ఫోన్ నెట్‌వర్క్ ద్వారా అంకెలు పంపే రకాలూ ఉన్నాయి. కొలవడానికయ్యే ఖర్చు కంటే పంపడానికయ్యే బ్యాటరీ ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి అలాంటివాటిని రోజుకు ఒక్కసారి మాత్రమే పంపేలా పెట్టుకోవాలి.

ఇక బిగించే పద్ధతి. ఇక్కడ మా పిల్లలు నోట్సు రాసుకోవచ్చు.

మొదటిది, సరైన రకం కొనడం. కొన్ని సెన్సార్లు బయటి గాలిని సున్నాగా తీసుకుంటాయి, వాటిని గేజ్ రకం అంటారు. కొన్ని శూన్యాన్ని సున్నాగా తీసుకుంటాయి, అవి ఆబ్సల్యూట్ రకం. ఆబ్సల్యూట్ రకాన్ని ఈ సభలో బల్ల మీద పెడితే సుమారు 0.95 బార్ చూపిస్తుంది. పుస్తకంలో 1.013 అని చదివాం కదా, తగ్గిందేమిటి అని ఎవరైనా అడిగితే, మనం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన కూర్చున్నామని గుర్తుచేయండి. గేజ్ రకం కొనేటప్పుడు అది సున్నా కిందికి కూడా చూడగలదో లేదో తప్పక అడగాలి. సున్నా దగ్గరే ఆగిపోయే లాగర్ మన వీధులకు పనికిరాదు. అసలు కథ సున్నా కిందే జరుగుతుంది, దాని దగ్గరికి వస్తాను.

రెండోది, సరిచూడటం. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పది మీటర్ల నీటి ఎత్తు సుమారు 0.98 బార్. మేడ మీది నుంచి పారదర్శకమైన గొట్టం కిందికి వదిలి, గాలి బుడగలు లేకుండా నీటితో నింపి, కింది కొసకు లాగర్ తగిలించండి. నీటి మట్టానికీ లాగర్‌కూ మధ్య ఎత్తు 9 మీటర్లయితే 0.88 బార్ దగ్గర చూపించాలి. టేపుతో కొలిచిన ఎత్తుకూ యంత్రం చూపే అంకెకూ పొత్తు కుదిరితేనే దాన్ని నమ్మాలి.

మూడోది, బిగించే చోటు. వీధి పైపు మన సొత్తు కాదు, దానికి చెయ్యి పెట్టకూడదు. మన ఇంటి కనెక్షన్‌లో మీటరు దాటాక, సంపులోకి పడే ముందు ఒక టీ పెట్టించి, దానికో చిన్న వాల్వ్, దాని చివర లాగర్. మరలకు టెఫ్లాన్ టేపు సరిగ్గా చుట్టాలి. బిగించాక కొంచెం వదులు చేసి లోపలి గాలి పోనిచ్చి మళ్ళీ బిగించాలి. ఎండ తగలని చోటు చూడాలి.

నాలుగోది, గడియారం. రెండు మూడు లాగర్లు పెడుతుంటే అన్నిటినీ ఒకే ఫోన్ టైముకు కలపాలి. ఐదు నిమిషాల తేడా ఉంటే ఏ ఇంటి మోటారు వల్ల ఏ ఇంట్లో ఒత్తిడి పడిపోయిందో తేలదు.

ఐదోది, ఎంతసేపటికోసారి కొలవాలన్నది. రోజంతా నీరుండే చోట పావుగంటకోసారి చాలు. మనకు నీరు వదిలేది కొద్దిసేపే కాబట్టి నిమిషానికోసారి పెట్టాలి. రోజుకు 1,440 అంకెలు, రెండు వారాలకు 20,160. మెమరీ నిండితే ఆగిపోవాలా, పాతవాటి మీద రాయాలా అని యంత్రం అడుగుతుంది. ఆగిపొమ్మనే చెప్పండి.

ఆరోది, బ్యాటరీ. ఇందులో వాడే లిథియం బ్యాటరీల్లో చాలావాటి వోల్టేజి చివరిదాకా ఒకేలా ఉండి, ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. వేసిన తేదీ స్టిక్కరు మీద రాసి అంటించండి. వీటిని ఛార్జి చేయకూడదు, మంటలో వేయకూడదు, చెత్తబుట్టలోనూ పడేయకూడదు.

ఏడోది అన్నిటికంటే ముఖ్యం, ఒక నోట్‌బుక్. ఎక్కడ బిగించాం, నేల నుంచి ఎంత ఎత్తులో, ఏ తేదీన, ఎవరు బిగించారు అన్నవి రాయాలి. యంత్రంలోని అంకెలకు ఈ నాలుగు మాటలు తోడు లేకపోతే ఆరు నెలల తరువాత అవి ఎవరికీ అర్థం కావు.

ఇప్పుడు నేను పెట్టి చూసిన ఒక వీధి సంగతి చెబుతాను. మన చుట్టుపక్కలదే, ఇళ్ళ పేర్లు చెప్పను. నేల జూబ్లీహిల్స్ గుట్టల వైపు నుంచి అమీర్‌పేట వైపు వాలుగా దిగే ప్రాంతం మనది. ఆ వాలులో ఆ వీధి మాత్రం చివరికి వెళ్ళేకొద్దీ రెండు మీటర్లు ఎత్తెక్కుతుంది. చివరి ఇంట్లో రిటైరైన లెక్కల సార్ ఉంటారు. నీరు వచ్చిన ప్రతిసారీ ఇరవై లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఆయన ఎనిమిది నెలలుగా ఒక పుస్తకంలో రాసి ఉంచారు. చాలా రోజుల్లో మొదటి నలభై నిమిషాలకు ఎదురుగా "రాలేదు" అనే మాటే ఉంది. కాలనీ సమావేశంలో ఆ పుస్తకం చూపించినా, "పెద్దాయన కదా, ఊరికే రాస్తుంటారు" అని పక్కన పెట్టారు. వారానికో ట్యాంకర్ ఆయన పెన్షన్ లోంచే వచ్చేది.

వీధి మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, సార్ ఇంట్లో ఒకటి, మూడు లాగర్లు రెండు వారాలు పెట్టాం. నీరు వదలగానే మొదటి ఇంట్లో ఒత్తిడి 1 బార్‌కు చేరింది. పది నిమిషాల్లో 0.4కు జారింది. అదే వేళకు చివరి ఇంట్లో సున్నా, కొన్నిసార్లు సున్నాకు 0.15 కిందికి. చివరి పావుగంటలో ముందరి ఇళ్ళ సంపులు నిండి మోటార్లు ఆగాక మాత్రమే సార్ ఇంటి గీత పైకి లేచింది. ఆయన పుస్తకాన్ని ఆ గ్రాఫ్ పక్కన పెట్టి చూశాం. "రాలేదు" అని రాసిన నిమిషాలూ గీత సున్నాలో పడుకున్న నిమిషాలూ ఒకటే.

కారణం అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. నల్లా పైపుకే నేరుగా మోటారు బిగించి లాగడం. జలమండలి 2025 ఏప్రిల్‌లో మోటార్లు లేని నల్లాల కోసం ప్రత్యేక తనిఖీలే చేపట్టింది. ఇది పక్కింటి నీరు లాక్కోవడంతో ఆగదు. పైపులో ఒత్తిడి సున్నా కిందికి పోయిందంటే ఆ పైపు బయటి నుంచి పీల్చుకుంటోందని అర్థం. జాయింటు దగ్గర సన్నని చిల్లు ఉండి, పక్కనే మురుగు పారుతుంటే, పీల్చుకునేది ఆ మురుగునే. తాగునీటిలో మురుగు కలిస్తే ఏమవుతుందో ఈ నగరానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు చనిపోయారు. మోటారుతో లాగినవాడి సంపులోకి కూడా ఆ నీరే వస్తుంది.

ఆ గ్రాఫ్‌ను సమావేశంలో గోడ మీద వేసి చూపించాం. ఏ ఇంటి పేరూ పెట్టలేదు, ఎవరినీ నిలదీయలేదు. "మూడు విడతలు మోటార్లు ఆపి చూద్దాం, ఆ తరువాత మీ ఇష్టం" అని మాత్రమే అడిగాం. కొందరు గొణిగారు, ఒప్పుకున్నారు. ఆ మూడు విడతల్లో మొదటి ఇంట్లో 0.9, చివరి ఇంట్లో 0.55 బార్ నిలిచాయి. తేడా 0.35. అందులో 0.2 కేవలం రెండు మీటర్ల ఎత్తు వల్ల, మిగతా 0.15 పైపు రాపిడి వల్ల. ఎవరి మీదా అనుమానానికి చోటు మిగలలేదు. ముందరి ఇళ్ళ సంపులు కొంచెం ఆలస్యంగానైనా నిండాయి. ఆ నెలలో సార్ ట్యాంకర్ తెప్పించుకోలేదు.

అంతా చక్కబడిందని చెప్పను. ఒకటి రెండు మోటార్లు మళ్ళీ మోగాయి. 0.55 బార్ అంటే ఐదున్నర మీటర్ల నీటి ఎత్తు. కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ 1999 మాన్యువల్‌లోనే ఒక అంతస్తు ఇంటికి 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 ఉండాలని రాశారు. కాబట్టి మోటార్లన్నీ ఆగినా మన లెక్క ఇంకా తక్కువే. ఆ సంగతి ఇప్పుడు అంకెలతో సహా అర్జీలో ఉంది. "నీళ్ళు సరిగా రావడం లేదు" అన్న అర్జీకీ, రెండు వారాల గ్రాఫ్ జతచేసిన అర్జీకీ జవాబు ఒకేలా ఉండదు. రెండోది చదివిన ఇంజినీరు మనల్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. లాగర్ ఒత్తిడి మాత్రమే చెబుతుంది, నీరు మంచిదో కాదో చెప్పదు. దానికి క్లోరిన్ పరీక్ష వేరే ఉంది. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న కిట్‌తో పిల్లలే చూడగలరు. ఒత్తిడి సున్నా కిందికి వెళ్ళిన రోజున ఈ పరీక్ష తప్పక చేయాలి.

చివరగా నా కోరిక. స్వర్ణోత్సవ కానుకగా బడికి ఏమివ్వాలని కమిటీ ఆలోచిస్తోంది. మిగతావాటితో పాటు సైన్సు ల్యాబ్‌కు మూడు లాగర్లు, ఒక క్లోరిన్ కిట్ ఇద్దాం. మొదటి లాగర్ మన బడి నల్లాకే బిగిద్దాం. పిల్లలు తాగే నీరు పైపులో ఎప్పుడు సున్నా కిందికి పోతోందో ముందు మనకు తెలియాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ప్రతి నెలా గ్రాఫ్ గీసి నోటీసు బోర్డు మీద పెడతారు. ఒత్తిడి పాఠం, గ్రాఫు పాఠం, పక్కింటివాడి గురించి ఆలోచించే పాఠం మూడూ అక్కడే నేర్చుకుంటారు. మిగిలిన రెండు లాగర్లను ఏ వీధివారు అడిగినా రెండు వారాలకు అరువిద్దాం. బిగించడం నేర్పడానికి నెలకో ఆదివారం నేను వస్తాను. కొత్త బ్యాటరీల ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది, ఈ మాట వాళ్ళను అడిగే చెబుతున్నాను.