పేరు ఎవరికి దక్కాలి?
(గోదావరిఖనిలో చేసిన స్మారకోపన్యాసం)



 ఎవరి స్మృతిలో ఈ సభ పెట్టుకున్నామో ఆ మాస్టారి గురించి రెండే మాటలు. బొగ్గుబాయి పనివాళ్లకు రాత్రిబడి నడిపిండ్రు. నా దగ్గర తీసుకున్న పుస్తకాల్లో ఒక్కటీ తిరిగివ్వలేదు. నేను రాసినవి చదివేటప్పుడు నాతో విభేదించిన ప్రతిచోటా అంచున పెన్సిలుతో గీత పెట్టేవారు. ఆ గీతలకు జవాబు చెప్పే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది, వదులుకోను.

విదేశీ సైనిక శ్మశానాల్లో మనవాళ్ల గురించి మాట్లాడమన్నారు. 1918 సెప్టెంబర్ 23న భారత అశ్వికదళం గెలిచిన హైఫా యుద్ధం, ఢిల్లీ తీన్‌మూర్తిలో హైదరాబాద్ లాన్సర్లకు గుర్తుగా నిలబెట్టిన విగ్రహం, పశ్చిమ గోదావరిలో సైనికుల ఊరు మిలటరీ మాధవరం, ఇవన్నీ మీరు విన్నవే. దాటేస్తున్నాను.

నేను ఆగేది థాయిలాండ్‌లోని కాంచనబురి దగ్గర. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ చూసుకునే అక్కడి యుద్ధ శ్మశానంలో దాదాపు 7,000 సమాధులున్నాయి. పచ్చిక మీద వరసలుగా కంచు పలకలు. ఒక్కో పలక మీద నంబరు, హోదా, పేరు, రెజిమెంటు, చనిపోయిన తేదీ, వయసు. అడుగున ఇంటివాళ్లు రాయించిన మాట. 1942–43లో జపాన్ సైన్యం 415 కిలోమీటర్ల సయాం–బర్మా రైలుమార్గం వేయిస్తుంటే చనిపోయిన యుద్ధఖైదీలు వీళ్లు. మార్గం పొడవునా చనిపోయిన ఖైదీలు 12 వేలకు పైనే. అదే పనిలో చనిపోయిన ఆసియా కూలీలు 75 వేలకు పైనే ఉంటారని అంచనా. మలయా తోటల నుంచి మూణ్ణెల్ల పనని ఆశపెట్టి కొందరినీ, బలవంతాన మరికొందరినీ తీసుకుపోయారు. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. పలకల మీద వాళ్ల పేర్లు లేవు.

ఈ మాట అన్నప్పుడల్లా నాకు ఎదురయ్యే వాదనలు రెండు.

ఒకటి: వాళ్లు సైనికులు కారు కదా! సరే. ఫ్రాన్స్‌లో నోయెల్‌-సుర్‌-మేర్ శ్మశానంలో 800 మందికి పైగా చైనా కూలీలకు ఇదే యుద్ధ సమాధుల కమిషన్ రాళ్లు పెట్టించింది. వాళ్లు మోసింది పారలు. అయినా సైన్యం పేర్లు రాసుకుని తెచ్చుకున్నవాళ్లు కదా అంటారా? అయితే లండన్ వెస్ట్‌మినిస్టర్ అబే చర్చికి పదండి. రెండో యుద్ధంలో శత్రుదాడులకు చనిపోయిన 67 వేల మంది మామూలు పౌరుల పేర్లు అక్కడి ఏడు సంపుటాల్లో ఉన్నాయి. వాటిని తయారుచేసిందీ ఈ కమిషనే. తన ఇంట్లో పడుకున్నవాడు బాంబుకు పోతే పేరుకెక్కినప్పుడు, తుపాకీ చూపించి తోలుకుపోయిన కూలీ ఎందుకు ఎక్కకూడదు?

రెండు: రికార్డులు లేవు, ఏం చేస్తాం? 1943 కలరాలో శిబిరాల్లో కూలీలు గుంపులు గుంపులుగా రాలిపోయిన మాట నిజం. వాళ్లకు చాలాచోట్ల డాక్టర్లూ లేరు, లెక్క రాసే ఆఫీసర్లూ లేరు. అయితే ఖైదీల పేర్లు మాత్రం ఊరికే దొరికాయా? శిబిరాల్లో చాటుగా రాసి దాచారు. 1945లో ఒక బృందం ఆ లైను వెంట అడవుల్లో తిరిగి 144 శ్మశానాలను, పదివేలకు పైగా సమాధులను గుర్తించింది. వెతికారు గనక దొరికాయి.

కాగితం ఉన్నచోటైనా న్యాయం జరిగిందా? ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద ఆఫీసర్ల పేర్లు చెక్కి, వేలమంది భారతీయ సిపాయిలను యూనిట్ల వారీగా అంకెల్లో సరిపెట్టారు. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా వాసుల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో స్మరణ దక్కలేదని కమిషనే 2021 నివేదికలో ఒప్పుకుంది.

ఇదంతా ఇక్కడ ఎందుకంటారా? నేనిప్పుడు పెట్టుకున్న పని మన సింగరేణి బొగ్గు గనుల్లో చనిపోయినవాళ్ల పేర్ల పట్టిక. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. అక్కడి నుంచి లెక్క కట్టాలని పూనుకున్నాం. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూకి పోయిన 17 మందిని ఈ ఊరు మరవదు. పెద్ద ప్రమాదానికి పేపరుంటది, పేర్లుంటయ్. ఒక్కొక్కరుగా పోయినోళ్ల సంగతే కష్టం. కప్పు కూలి బొగ్గు నింపే ఫిల్లరు ఒకడు, టబ్బుల నడుమ నలిగి ఒకడు, ఓపెన్‌కాస్టులో డంపరు కింద కంట్రాక్టు పిలగాడు. మస్టరు, లాంప్‌రూమ్ రిజిస్టరు, పాత ఫించను కాగితం, యూనియన్ కరపత్రం, ఏది దొరికితే అది చూస్తున్నాం.

మా కమిటీలోనే ఒకాయన, కంట్రాక్టు వాళ్లను అనుబంధంగా చివర్లో వేద్దామన్నారు. కంపెనీ మనుషులు కారు కదా అన్నది ఆయన తర్కం. కాంచనబురి విషయంలో విన్న తర్కమే ఇది. నేను ఒప్పుకోను. పర్మినెంటు, బదిలీ, కంట్రాక్టు అని విడదీయకుండా అందరినీ ఒకే అకారాది వరసలో వేస్తాం. హోదా కాలమ్ ఉండదు. మీ ఇంట్లో ఏ కాగితం ఉన్నా తెండి, జిరాక్స్ తీసుకుని అక్కడికక్కడే ఇచ్చేస్తాం. పుస్తకాలు తీసుకుని ఇవ్వని మాస్టారి అలవాటు మాకు లేదు.