ఫోను కంపెనీని ఎందుకు మార్చుదురు?

రేడియోలో ఒక కార్యక్రమము రుచింపనియెడల శ్రోత మీట త్రిప్పి మరియొక కేంద్రమును పట్టుకొనును. అందుకు అర్జీ లేదు, రుసుము లేదు, సంజాయిషీ లేదు. ఆ మీట శ్రోత చేతిలో ఉన్నది కనుకనే రేడియోలో పనిచేయు మాబోటివారము జాగ్రత్తగా ఉందుము. సెల్‌ఫోను వాడువారికి అట్టి మీట కలదా? కలదు. కాని అది చేతికి వచ్చుటకు చాలకాలము పట్టినది. దానిని జనులు ఏయే కారణములచేత త్రిప్పుచున్నారు, అందువలన ఎవరికి మేలు కలుగుచున్నది అను విషయమును ఈ ప్రసంగములో విచారింతము.

2011కు పూర్వము కూడ నచ్చని కంపెనీని విడువవచ్చును. విడిచినచో నంబరు పోవును. దుకాణపు పలకమీద వ్రాయించినది ఆ నంబరు. శుభలేఖమీద అచ్చొత్తించినది ఆ నంబరు. దూరపు చుట్టములకు కంఠస్థమైనది ఆ నంబరు. దానిని పోగొట్టుకొనుటకంటె సేవాలోపమును సహించుటయే మేలని పలువురు ఊరకుండిరి. వారిని పట్టి ఉంచినది కంపెనీమీది అభిమానము కాదు, నంబరు పోవునను భయము.

2010 నవంబరు 25వ తేదీన హర్యానాలోను, 2011 జనవరి 20వ తేదీన దేశమంతటను, నంబరు మార్చకయే కంపెనీని మార్చుకొను ఏర్పాటు అమలులోనికి వచ్చినది. మొదట రుసుము 19 రూపాయలు. అయితే ఆ హక్కు ఒక సర్కిలు లోపల మాత్రమే చెల్లెడిది. 2014లో రాష్ట్రము రెండైనను టెలిఫోను లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు నేటికిని ఒక్క సర్కిలే. కనుక ఆదిలాబాదునుండి శ్రీకాకుళమునకు కాపురము మార్చినవారికి చిక్కు లేదు. విజయవాడనుండి ఉద్యోగమునకై బెంగుళూరునకో చెన్నైకో పోయినవారికే ఇబ్బంది కలిగెడిది. 2015 జూలై 3వ తేదీనుండి అదియు తొలగి, నంబరును దేశమున ఎచ్చటికైనను వెంట తీసికొనిపోవుటకు వీలు కలిగినది.

ఇక కారణములు. మొదటిది సిగ్నలు. మీడియం వేవు ప్రసారము దూరగ్రామములకు అందుటయు, ఎఫ్.ఎం. ప్రసారము పట్టణము దాటి కొంత దూరము పోవుసరికి క్షీణించుటయు శ్రోతలు ఎరిగినదే. సెల్‌ఫోను తరంగములలోను ఇట్టి భేదము కలదు. తక్కువ పౌనఃపున్యము గలవి ఎక్కువ దూరము పోవును, గోడలను కొంత సులువుగా దాటును. ఎక్కువ పౌనఃపున్యము గలవి ఎక్కువ సమాచారమును మోయును గాని కాంక్రీటు గోడలకు త్వరగా నీరసించును. ఏ కంపెనీ టవరు ఎంత దూరమున ఉన్నది, ఏ తరంగములను వాడుచున్నది అనుదానినిబట్టి వీధిలో చక్కగా పలుకు ఫోను వంటయింటిలో మూగబోవచ్చును. కావున ప్రకటనను చూచిగాని పొరుగూరివారి మాట వినిగాని కంపెనీని మార్చుట తగదు. ఆ కంపెనీ ఫోను గల చుట్టము ఇంటికి వచ్చినప్పుడు, మనము కూర్చుండుచోటనే, పగలొకసారి రాత్రియొకసారి మాటాడించి చూచుట ఉత్తమమైన పరీక్ష.

రెండవ కారణము ధర. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో సేవ మొదలైనది. మాటలకు వేరుగా రుసుము లేదనియు, కొన్ని నెలలపాటు డేటా ఉచితమనియు ప్రకటించుటచే లక్షలాదిగా జనులు అటు మరలిరి. ఇతర కంపెనీలును రేట్లు తగ్గింపక తప్పలేదు. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. కంపెనీని మార్చినవారికి ఎంత లాభము కలిగినదో, మార్చక ఉన్నచోటనే ఉన్నవారికిని ఇంచుమించు అంత లాభము కలిగినది. పోగలవారు పోవుచుండుటచేతనే ఉన్నవారికి మర్యాద దక్కినది.

మూడవది అపనమ్మకము. అడుగని పాటకో, కోరని వార్తాసేవకో రెండు మూడు రూపాయలు కోయుట; అడుగబోయినచో ఒకరిమీదినుండి మరొకరిమీదికి త్రిప్పుట. పోయిన సొమ్ము స్వల్పమే. కాని తెలియకుండ తీసికొనిరను బాధ స్వల్పము కాదు. సిగ్నలు లోపమును నెలలకొలది ఓర్చుకొన్నవారు సైతము ఇట్టి కోతను ఒక్కనాడు ఓర్వక వెడలిపోవుదురు.

నాలుగవది, కంపెనీయే మూతపడుట. 2017 చివర రిలయన్స్ కమ్యూనికేషన్స్ తన మాటల సేవను ఆపివేసినప్పుడును, 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసినప్పుడును వారి ఖాతాదారులు ఇష్టమున్నను లేకున్నను వేరొకచోటికి పోవలసివచ్చినది. నంబరును వెంట తీసికొనిపోవు హక్కు లేనియెడల నాడు వారి గతి యేమి?

ఇట్లు మూతపడుటలు, విలీనములు జరిగి, ఒకప్పుడు పదికి మించిన కంపెనీలు నేడు మన ప్రాంతమున మూడు ప్రైవేటు సంస్థలుగాను, ఒక్క ప్రభుత్వ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్.గాను మిగిలినవి. ఇదియే ఈ హక్కునకు హద్దు. 2024 జూలై 3, 4 తేదీలలో మూడు ప్రైవేటు కంపెనీలును రేట్లు పెంచినవి. వీధిలోని ఇండ్లన్నిటికి అద్దె ఒక్కసారి పెరిగినప్పుడు ఇల్లు మార్చి ఫలమేమి? అయినను ఆ నెలలో బి.ఎస్.ఎన్.ఎల్.కు సుమారు 29 లక్షలమంది పెరిగిరి. కొన్ని నెలలకే ఆ వెల్లువ తగ్గినది. ఆ సంస్థ 4జి టవర్ల నిర్మాణము అప్పటికింకను సాగుచుండెను. చవుకధర మనిషిని రప్పింపగలదు గాని, నిలుపుటకు సిగ్నలు కావలెను.

కంపెనీని మార్చదలచినవారికి పద్ధతి చెప్పెదము. పోర్ట్ అని ఇంగ్లీషున టైపుచేసి, కొంచెము ఎడమిచ్చి, తమ నంబరు వేసి 1900కు సందేశము పంపవలెను. ఎనిమిది అక్షరముల కోడు వచ్చును. మన సర్కిలులో అది నాలుగు దినములు చెల్లును. దానితోను, గుర్తింపుపత్రముతోను క్రొత్త కంపెనీ దుకాణమునకు పోవలెను. ఉన్న కంపెనీలో 90 దినములు నిండి ఉండవలెను, బాకీ ఉండరాదు. సర్కిలు లోపలనైనచో మూడు పనిదినములలోను, వేరు సర్కిలునకైనచో ఐదు పనిదినములలోను మార్పు పూర్తికావలెను. రీచార్జిలో మిగిలిన సొమ్ము బదిలీ కాదు. కావున ప్లాను ముగియవచ్చునప్పుడు మార్చుట లాభము. మార్పు జరుగునప్పుడు ఫోను కొన్ని గంటలు పలుకకపోవచ్చును. ఆనాడు బ్యాంకు పనులు పెట్టుకొనకుండుట మంచిది.

ఆ కోడును ఎవరు ఫోనుచేసి అడిగినను చెప్పరాదు. నేడు నంబరు బ్యాంకు ఖాతాకు తాళపుచెవి వంటిది. దొంగలు ఒకరి సిమ్‌ కార్డును తమ పేర మార్చుకొని నంబరును అపహరింపకుండుటకై, సిమ్‌ మార్చిన ఏడు దినములవరకు ఈ కోడు ఇవ్వరాదని 2024 జూలై 1వ తేదీనుండి నియమము పెట్టిరి. ఏడు దినములు ఆగుట కష్టమే. ఖాతా ఖాళీయగుటకంటె కష్టము కాదు.

చివరగా ఒక్కమాట. ఒక్కటే టవరున్న పల్లెలో ఈ హక్కు పేరునకు మాత్రమే హక్కు. 2022 జూలైలో కేంద్రప్రభుత్వము సేవ అందని 24,680 గ్రామములకు 4జి కల్పించు పథకమును అంగీకరించినది. పట్టణవాసి ఏ కంపెనీ మేలని యోచించుచుండగా, ఆ పల్లెవాసి ఫోను పలుకుచోటు ఏ గట్టుమీద ఉన్నదని వెదకుచుండెను. పోవుటకు హక్కు ఇచ్చిన ప్రభుత్వము, పోవుటకు చోటు కూడ ఉండునట్లు చూచినప్పుడే ఆ హక్కు అందరిదియగును. అంతవరకు పట్టణములలో ఉన్న మనము దానిని తెలివిగా వాడుకొనుట మనకే కాదు, ఉన్నచోటనే ఉండిపోవు ఇరుగుపొరుగులకును మేలు.