సామాన్య వర్తకుని విలువ

ఉదయం పూట రాణీగంజిలో ఒక మూల నిలబడి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. వీధికి రెండు వైపులా ఇనుప షట్టర్లు ఒకటొకటిగా పైకి లేస్తాయి. ప్రతి షట్టరు వెనుకా ఒక ఇరుకు కొట్టు. ఒకదానిలో నీటి మోటార్ల విడిభాగాలు, మరొకదానిలో బేరింగులు, ఇంకొకదానిలో గొట్టాలు, తాళ్లు, గొలుసులు. యజమాని గడప ముందు నీళ్లు చల్లించి, దేవుని పటానికి అగరువత్తి వెలిగించి, గల్లాపెట్టెను కళ్ల కద్దుకొని కూర్చుంటాడు. ఇందులో వింత ఏమున్నది, రోజూ జరిగేదే కదా అని మీరు అనవచ్చును. రోజూ జరగటమే ఇందులోని వింత.

సికింద్రాబాదు పుట్టుక కూడా ఇటువంటి కొట్లతో ముడివడినదే. 1798లో నిజాము ప్రభువుకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒడంబడిక ఫలితంగా హుస్సేనుసాగరానికి ఉత్తరాన కంపెనీ దండు విడిసింది. 1806లో ఆ ప్రదేశానికి మూడవ నిజాము సికందర్ జా పేరు వచ్చింది. జనం మాత్రం దానిని నేటికీ లష్కరు అంటూనే ఉన్నారు. దండు ఉన్నచోట ధాన్యం కావాలి, బట్ట కావాలి, తోలు కావాలి, గుర్రాలకు గడ్డి కావాలి. వాటిని తెచ్చి అమ్మినవారి వల్ల బజారులు ఏర్పడినవి. 1874లో రైలు వచ్చి ఆ బజారులకు దూరదేశాల సరుకు తెచ్చింది. చరిత్ర గ్రంథాలలో రెసిడెంట్ల పేర్లు, సేనానుల పేర్లు చదువుతాము. లష్కరులో మొదటి ఉప్పు కొట్టు పెట్టినవాని పేరు ఎక్కడా కనపడదు. అయినా సేనానులు ఆ ఉప్పు తినే యుద్ధాలు చేశారు.

ఆషాఢ మాసంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలు చూచినవారికి ఈ సంగతి మరింత బోధపడుతుంది. సైన్యంలో డోలీలు మోసిన సురిటి అప్పయ్య 1815లో ఆ తల్లిని ఇక్కడ ప్రతిష్ఠించినాడని ప్రతీతి. ఆ ఒక్క పండుగ జరగాలంటే కుమ్మరి కుండ చేయాలి, దానికి సున్నమూ పసుపూ అమ్మేవాడుండాలి, వేపమండ తెచ్చేవాడుండాలి, పూలు, గాజులు, కొబ్బరికాయలు, చీరెలు అమ్మేవారుండాలి. వీరిలో ఎవరికీ ఏ సభలోనూ సన్మానం జరగలేదు. వీరిలో ఒక్కరు రాకపోయినా ఆ ఇంటి బోనం అసంపూర్ణం.

ఇటీవలి కాలంలో వ్యాపారాన్ని గురించి మనం మాట్లాడుకొనే తీరు ఇందుకు భిన్నంగా ఉన్నది. నగరానికి అవతలి కొసన 2015లో టీ హబ్ వెలసింది. కొత్త ఆలోచనలతో సంస్థలు పెట్టే యువకులకు అది ఆసరా అయింది; చాలా మంచి పని. అయితే దానితోబాటు ఒక కొత్త కొలబద్ద కూడా మన ఇండ్లలోకి వచ్చింది. 100 కోట్ల డాలర్ల విలువకు ఎదిగిన సంస్థనే విజయమంటాము. ఆ స్థాయికి చేరినవాని బాల్యం, అతడు తిన్న దెబ్బలు, అతడు లేచే వేళ అన్నీ పిల్లలకు పాఠాలుగా చెబుతాము. మన ఊళ్లోనే ఉదాహరణ కావాలంటే, 1953లో సినిమాహాలు పక్కన చిన్న కెఫేగా మొదలై, కూడలికే తన పేరు నిలిపిన పారడైజును చూపుతాము. అది గర్వించదగిన కథే. కాని అదే ఏడాది, ఆ చుట్టుపక్కలనే టీ కొట్లు, రొట్టె కొట్లు పెట్టినవారు ఇంకెందరో ఉండి ఉంటారు. వారూ తెల్లవారుజామున లేచారు, వారూ చేయి కాల్చుకున్నారు. వారి కథ మనకు వినిపించదు. గెలిచినవాని గుణాలు మాత్రమే లెక్కపెట్టి, ఆ గుణాలే గెలుపుకు కారణమని తేల్చటం సరియైన తర్కం కాదు. అవే గుణాలుండి, కాలం కలిసిరాక, పెట్టుబడి చాలక, కొట్టు ఉన్న వీధి మారిపోయి, మామూలుగా మిగిలినవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆ లెక్క ఎంత పెద్దదో గమనించండి. 2015–16లో జాతీయ నమూనా సర్వే 73వ విడతలో తేలిన ప్రకారం, మన దేశంలో వ్యవసాయేతర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా వ్యాపారాలు 6.34 కోట్లు. వాటిలో పనిచేసేవారు 11.10 కోట్ల మంది. అంటే సగటున ఒక్కొక్క చోట ఇద్దరైనా లేరు. యజమానే నౌకరు, భార్యయే భాగస్వామి. ఈ వ్యాపారాలలో నూటికి 99కి పైగా సూక్ష్మతరహావే. ఒక్క వర్తకంలోనే 2.30 కోట్ల సంస్థలున్నవి. ఆకాశంలో తోకచుక్క కనిపించిన రాత్రి అందరమూ మేడ ఎక్కుతాము. కాని అన్నం వండుకొనేది పొయ్యిలోని నిప్పు మీదనే.

పెద్దది శాశ్వతం, చిన్నది తాత్కాలికం అని కూడా కొందరంటారు. మన జంటనగరాల అనుభవం అట్లా చెప్పదు. 1942లో ఆరంభమైన ఆల్విన్ సంస్థ శీతలయంత్రాలు, బస్సుల బాడీలు, గడియారాలు తయారుచేసి ఇంటింటికీ తెలిసిన పేరు అయింది. 1990ల దశకంలో ఆ సంస్థ రూపుమాసిపోయింది. జనరల్ బజారులో బట్టల కొట్లు, మోండా మార్కెట్టులో కూరగాయల బుట్టలు మిగిలే ఉన్నవి. ఒక్కొక్క కొట్టు మూతపడవచ్చును. పక్కన మరొకటి తెరుచుకుంటుంది. ఒకే పెద్ద వృక్షం కూలితే తోట బోడిపోతుంది. గడ్డి మీద ఎంత గాలి వీచినా నేల బోడిపోదు.

ఈ సామాన్య వర్తకుడు అసలు చేస్తున్న పని ఏమిటి? ఒక చిన్న సంగతి చెబుతాను. కొంతకాలం క్రిందట రాణీగంజిలో నాకు తెలిసిన ఒక కొట్టులో కూర్చున్నాను. ఒక రైతు వచ్చి పాత వార్తాపత్రికలో చుట్టిన ఇనుప ముక్క బల్ల మీద పెట్టాడు. దాని మీద అంకె అరిగిపోయింది. యజమాని దానిని వేళ్లతో తడిమి, కొలిచి, లోపలికి వెళ్లి అటువంటిదే తెచ్చి ఇచ్చాడు. రైతు డబ్బు లెక్కపెట్టుకొని, “సేటూ, మూడు వందలు తక్కువైనయి” అన్నాడు. “మోటరు నడవనియ్యి పటేలా, మళ్ల వచ్చినప్పుడు ఇయ్యి” అని యజమాని పుస్తకంలో ఒక గీత గీశాడు. పేరు అడగలేదు. అది దానం కాదు. ఆ రైతు మళ్లీ వస్తాడనే ఎరుక. ఆ సాయంత్రానికి ఎక్కడో ఒక మడి తడిసి ఉంటుంది. అరిగిన ముక్కను గుర్తుపట్టే వేళ్లు, మనిషిని గుర్తుపట్టే కళ్లు: ఈ రెండూ అతని అసలు పెట్టుబడి. ఏ బ్యాంకు జాబితాలోనూ ఇవి ఆస్తిగా ఎక్కవు.

కొన్నాళ్లకు ఆ వర్తకుడే ఒక పెండ్లిలో కనిపించాడు. ఎవరో పెద్దమనిషి ఆయనను, “మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?” అని అడిగారు. ఆయన కొంచెం గొంతు తగ్గించి, “ఏముంది, కొట్లోనే కూర్చుంటున్నాడు” అన్నాడు. ముప్ఫై ఏళ్లు ఎవరి ముందూ తలవంచకుండా బ్రతికినవాడు ఆ ఒక్క మాట దగ్గర తలవంచాడు. ఆ కుమారుడు పక్కనే ఉన్నాడు, విన్నాడు కూడా. అసామాన్యుల కథలు మాత్రమే చెప్పుకొనే సమాజం తన సామాన్యులకు చేసే అన్యాయం ఇది. వాళ్ల అన్నం తీసుకోదు. వాళ్ల మర్యాద తీసుకుంటుంది.

సామాన్యుని మీద నమ్మకం పెట్టి చేసిన ప్రయత్నం ఒకటి మన ప్రాంతంలోనే జరిగింది. చిన్న పరిశ్రమల విస్తరణకు శిక్షణనిచ్చే కేంద్ర సంస్థ 1962లో హైదరాబాదుకు తరలివచ్చి, యూసఫ్‌గూడలో స్థిరపడింది. అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఆ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు కొద్దిరోజుల శిక్షణ ఏర్పాటుచేశాడు. వచ్చినవారు కోటీశ్వరులు కారు. ఊళ్లో సాధారణంగా కనిపించే వర్తకులు. ఆ శిక్షణలో ఒక ఆట ఉండేది. గూటానికి వలయాలు విసరాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నుంచి వేస్తే తప్పదు, మరీ దూరం నుంచి వేస్తే తగలదు. తన చేతి సత్తువ ఎరిగి, కొంచెం కష్టమైన దూరం ఎన్నుకోవటమే నేర్చుకోవలసిన విద్య. తరువాత ఆ వ్యాపారుల నడవడిని శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూచి, కాకినాడవారు కొత్త పనులు ఎక్కువగా చేపట్టారని మెక్లెలాండ్ 1969లో వెలువరించిన గ్రంథంలో నిర్ధారించాడు. వ్యాపార దక్షత పుట్టుకతో కొందరికే వచ్చే వరం కాదనీ, సామాన్యునిలోనూ దానిని పెంపొందించవచ్చుననీ అతని సారాంశం. అతిదూరపు గురి పెట్టినవానినే మనం వీరుడంటున్నాము. నడిమి దూరాన నిలిచి రోజూ గురి తప్పనివానిని గమనించటం లేదు.

అంతమాత్రాన చిన్న వర్తకులందరూ హరిశ్చంద్రులని నేను అనను. తూకంలో మోసం చేసేవారున్నారు. పనివానికి జీతం సరిగా ఇవ్వనివారున్నారు. కొత్త పద్ధతి చెబితే వినకుండా, తాత చేసినట్లే చేస్తానని మొండికేసి దెబ్బతిన్నవారున్నారు. గౌరవం ఇవ్వటమంటే తప్పు మన్నించటం కాదు. పెద్ద సంస్థ నుంచి ఏ నీతి ఆశిస్తామో, చిన్న కొట్టు నుంచీ అదే ఆశించాలి. ఆ ఆశించటం కూడా గౌరవమే.

మరి మనమేమి చేయాలి? మొదటిది, బాకీ సకాలంలో తీర్చటం. చిన్నవాని ప్రాణం లాభంలో కాదు, చేతిలో ఆడే డబ్బులో ఉన్నది. సూక్ష్మ, చిన్న సంస్థల వద్ద సరుకు కొన్నవారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం శాసించింది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ విధించింది. అయితే ఒక మెలిక ఉన్నది. 2021 జూలైలో వర్తకులను ఈ వర్గంలో చేర్చినప్పుడు, ఆ చేర్పు బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే పరిమితమైంది. తయారుచేసేవానికి ఉన్న రక్షణ కొని అమ్మేవానికి లేదు. వీధిలో బండి పెట్టుకొనేవారికి 2014 చట్టం కొంత నిలువనీడ కల్పించింది. 2020లో మొదలైన స్వనిధి పథకం హామీ లేకుండా చిన్న అప్పు ఇప్పించింది. రోజువారీ వడ్డీకి తెచ్చి బండి నడిపినవారికి ఆ అప్పు విలువ తెలుసు. అమ్మేవానికీ బాకీ రాబట్టుకొనే చట్టబలం కావాలి.

రెండవది, చట్టాలతో నిమిత్తం లేనిది, మన చేతిలోనిది. అద్దాల మేడలో అట్ట మీద రాసిన ధర మారుమాట లేకుండా చెల్లించి, మోండా మార్కెట్టు మెట్ల మీద కొత్తిమీర కట్టకు రెండు రూపాయలు తగ్గించమని పావుగంట వాదించటం మనకు అలవాటైంది. బేరమాడటం తప్పు కాదు. ఎవరి దగ్గర ఆడుతున్నామో చూచుకోవాలి.

మూడవది, మన మాట. పిల్లలకు మహావిజేతల కథలు తప్పక చెప్పండి. వాటితోబాటు మన వీధి చివరి కొట్టు కథ కూడా చెప్పండి. ఆ కొట్టు పోయిన వానాకాలంలో ఎన్ని రోజులు మూతపడింది, ఎట్లా మళ్లీ తెరుచుకుంది, అందులో ఎందరు బ్రతుకుతున్నారు, వారిని అడిగి తెలుసుకొని చెప్పండి. ఎవరైనా “అబ్బాయి ఏం చేస్తున్నాడు?” అని అడిగినప్పుడు, “కొట్టు నడుపుతున్నాడు” అని గొంతు తగ్గించకుండా చెప్పగలిగే రోజు రావాలి.

రాత్రి అవుతుంది. రాణీగంజిలో షట్టర్లు ఒకటొకటిగా క్రిందికి దిగుతాయి. యజమాని గల్లాపెట్టె తీసి ఆనాటి లెక్క చూచుకుంటాడు. లాభం కొద్దిపాటిది కావచ్చును, ఒక్కొక్కనాడు లేకపోవచ్చును. పద్దు రాసి, తాళం వేసి, ఆ తాళాన్ని ఒకసారి లాగి చూచి ఇంటిదారి పడతాడు. రేపు ఉదయం అతడు మళ్లీ వస్తాడని మనకు ఎంత నమ్మకమంటే, ఆ సంగతి మనం తలచుకోనైనా తలచుకోము.